చేతిలో పెన్సిలు, మెడలో కెమెరా, మనసులో సినిమా!

ఆషాఢం కదా, పోయిన వారం చేతులకు గోరింటాకు పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. అమ్మ చేతులు ఖాళీగా లేనప్పుడు, లేచి పోలేనప్పుడు చెప్పాల్సిన మాటలు కొన్ని ఉంటాయి పిల్లలకి. మీ ఇళ్ళలోనూ అంతేనా?

"అమ్మా, నేనొక సిన్మ తీస్త" అన్నాడు.

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఇది ఉత్త ముచ్చట కాదని.

మా వాడి సంగతి పాత పాఠకులకు కొంత తెలుసు. వయసు ఇరవై మూడు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోమంటే కెమెరా వెతుక్కున్నాడు. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, ఆలేరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. నాలుగు రూపాయలు చేతిలో పడితే చాలు, సంచీ భుజాన వేసుకుని రైలెక్కుతాడు. మేడారం జాతర, హంపి, కాశీ, కలకత్తా, లడఖ్ అన్నీ తిరిగొచ్చాడు. వచ్చాక నెల రోజులు ఆ ఊళ్ళ ముచ్చట్లే. మధ్యలో బొమ్మల కథలు గీస్తాడు. అంటే గళ్ళు గీసి, గడికో బొమ్మ వేసి, మనిషి నోటి పక్కన బుడగలో మాట రాసే కథలు. మా రఘునాథపల్లి రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్మే ఒక ముసలవ్వ మీద గీసిన కథ నాకెంతో ఇష్టం. గంప నిండుగా ఉన్నంతసేపూ అవ్వ ముఖం చిన్నగా గీశాడు. గంప ఖాళీ అవుతున్నకొద్దీ ముఖం పెద్దదవుతుంది. చివరి గడిలో ముఖం ఒక్కటే!

ఇప్పుడా కథనే ఇరవై నిమిషాల సినిమాగా తీస్తాడట. ఖర్చు లక్షా ఇరవై వేలు. వాళ్ళ నాన్నకు ఎలా చెప్పాలో తెలియక ముందు నా దగ్గరికి వచ్చాడు.

చెప్పక తప్పుతుందా? రాత్రి అన్నం దగ్గర చెప్పేశాడు. మా ఇంటాయన కిరాణం కొట్టు మనిషి. రూపాయి పెడితే రూపాయి పావలా రావాలి ఆయనకు. "పెండ్లిండ్ల పని ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నది. అది ఇడిసిపెట్టి సిన్మలా? మనకెవరు తెలుసురా ఆడ?" అన్నారు.

"బాపు గూడ బొమ్మలేసుకుంటనే సిన్మలల్లకు వచ్చిండు!" అన్నాడు వాడు.

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. మా వైపు పిల్లలు తండ్రిని బాపు అనే పిలుస్తారు మరి! "నేనెప్పుడు బొమ్మలేసినరా?" అన్నారు కోపంగా. మా బిడ్డ పకపకా నవ్వింది, నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాను. ఆ నవ్వుతో ఆయనకు కోపం ఇంకా పెరిగింది. నాలుగు రోజులు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "చాయ్ తాగుతడేమో అడుగు" అని ఆయన నాకు చెప్పడం, "తాగిన అని చెప్పు" అని వాడు నాకు చెప్పడం. మధ్యలో నేను పోస్టు డబ్బా!

ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు. నిజంగా బొమ్మలు వేసేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు సినిమాలు తీయగలరా? తీసినవాళ్ళు ఏం చేసి తీశారు? ఇంటిని ఏం చేశారు? మా వాడి దగ్గర పుస్తకాలున్నాయి, అడిగితే చెబుతాడు కూడా. విన్నవీ చదివినవీ మీకూ చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలు ఉండొచ్చు కదా!

ముందు మన బాపు గారి సంగతే. అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నర్సాపురంలో పుట్టారు. మద్రాసులో లా చదివారు గానీ నల్లకోటు వేసుకోలేదు. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, కథలకు బొమ్మలు వేశారు, పుస్తకాలకు అట్టలు వేశారు. ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు మన కళ్ళముందు కదులుతున్నాడంటే అది బాపు గారి గీత చలవే. పెద్ద జడ, పెద్ద కళ్ళు ఉన్న అమ్మాయిని చూస్తే 'బాపు బొమ్మలా ఉంది' అంటాం ఇప్పటికీ. వారి చేతిరాత కూడా తెలుగువాళ్ళకు ఒక అక్షరాల వరసై కూర్చుంది, పెళ్ళి పత్రికల మీద చూడండి!

అలాంటి మనిషి 1967లో 'సాక్షి' తీశారు. అదే మొదటి సినిమా. రమణ గారి కథ. కృష్ణ, విజయనిర్మల నటించారు. సెట్టింగులు వేయకుండా గోదావరి జిల్లాలోని పులిదిండి అనే పల్లెకు వెళ్ళి తీశారు. ఒక హత్యను కళ్ళారా చూసిన అమాయకుడు సాక్ష్యం చెబుతాడు. ఆ హంతకుడు పగబట్టి వస్తుంటే ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుంది. ఇంతే కథ. పెద్ద హంగులు లేవు. ఉన్న ఊరు, ఉన్న రేవు, ఉన్న ఎండ.

ఆ తర్వాత వారు తీసిన 'ముత్యాల ముగ్గు' (1975) మన ఆడవాళ్ళం ఎన్నిసార్లు చూశామో! తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, కెమెరా పనికి ఇషాన్ ఆర్యకూ వచ్చింది. భార్య ఉద్యోగానికి వెళితే భర్త ఇల్లు చూసుకునే 'మిస్టర్ పెళ్ళాం' (1993)కూ జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా చూసి మా అమ్మ, "ఇంటి చాకిరి ఎంతుంటదో ఒక మొగాయనకు ఇన్నాళ్ళకు తెలిసింది" అంది.

బాపు గారి పద్ధతి ఒకటి మా వాడు చెబితే నాకు బాగా నచ్చింది. షూటింగుకు ముందే సినిమాను బొమ్మలుగా వేసుకునేవారట. ఎవరు ఎక్కడ నిలబడాలి, ముఖం దగ్గరగా కనిపించాలా దూరంగానా, అన్నీ కాగితం మీదే తేలిపోయేవి. దీన్ని స్టోరీబోర్డు అంటారు. మనం జాకెట్టు కుట్టేముందు కాగితం మీద గీసి కత్తిరించి చూసుకోమూ? కాగితం తప్పు పోతే రూపాయి. గుడ్డ తప్పు పోతే రెండొందలు! బొమ్మలు వేయడం తెలిసినవాడికి సినిమాలో డబ్బు మిగిలేది ఇక్కడే.

ఇక రెండో ఆయన మన తెలంగాణ మనిషి, బి. నర్సింగరావు గారు. గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్‌లో 1946లో పుట్టారు. చిత్రకారుడు, ఫోటోగ్రాఫరు, కవి. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో వచ్చిన 'మా భూమి' నిర్మాతల్లో ఒకరు. తర్వాత తానే దర్శకుడై 1983లో 'రంగుల కల' తీశారు. అందులో చిత్రకారుడి వేషం కూడా వారే వేశారు. ఆ తర్వాత 1988లో 'దాసి'.

మాటలు ఆగిపోయిన మూడో రోజు రాత్రి మా వాడు ఏమనుకున్నాడో, టీవీలో 'దాసి' పెట్టాడు. మా అత్తమ్మ మంచం మీద, ఆయన కుర్చీలో, నేను గడప దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం.

దొర గడీలో పనికి ఉన్న కమలాక్షి అనే దాసి కథ అది. నిజాం కాలం నాటి సంగతి. దొరసానికి పెళ్ళిలో వెంట ఇచ్చిన మనిషి. సినిమాలో మాటలు చాలా తక్కువ. ఊడవడం, నీళ్ళు తోడడం, దీపాలు పెట్టడం, కాళ్ళు పట్టడం, పిలిచినప్పుడు వెళ్ళడం. ఆమె కడుపు పండినా అది ఆమెది కాదు. అంతే. ఏడుపు పాటలు లేవు, పెద్ద డైలాగులు లేవు. గోడ, గడప, బిందె, వెలుగు, నీడ. ఒక్కో దృశ్యం ఒక్కో ఫోటోలా నిలబడుతుంది. ఫోటోగ్రాఫరు తీసిన సినిమా అని చెప్పకపోయినా తెలుస్తుంది. ఈ ఒక్క సినిమాకు అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, కెమెరాకు ఎ.కె. బీర్, కళకు వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. బొట్టు పెద్దగా పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్ళ బొమ్మలు వేసే తోట వైకుంఠం గారే ఆ వైకుంఠం!

సగం సినిమా అయ్యేసరికి మా అత్తమ్మ లేచి కూర్చుంది. డెబ్బయి ఎనిమిదేళ్ళ మనిషి. మాకు తెలిసి ఎప్పుడూ ఏ సినిమా చూసి మాట్లాడింది లేదు. మెల్లగా అంది:

"మా అమ్మ గిట్లనే నీళ్ళు మోసేది గడీల. తెల్లారక ముందు పోయి పొద్దుగూకినంక వచ్చేది. ఒకరోజు నాకు జరమొచ్చిందని పోకపోతే, పెద్ద జీతగాడు ఇంటికొచ్చి బిందె బద్దలు కొట్టిండు. ఆ బిందె మా అమ్మ పుట్టింటిది."

ఇంట్లో ఎవరికీ ఆ మాట తెలియదు. కన్న కొడుకు మా ఆయనకే తెలియదు! యాభై మూడేళ్ళు ఒకే కప్పు కింద ఉండి. ఆయన తల్లి ముఖం వంక చూస్తూ ఉండిపోయారు. సినిమా అయిపోయాక టీవీ ఆపింది ఎవరో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆయన అడిగిన మాట: "అమ్మా, మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితివా కొడకా?" అంది అత్తమ్మ.

సినిమా ఏం చేస్తుందంటే, అడగని మాటను అడుగుతుంది. ఆ రాత్రి నాకు అర్థమైంది ఇదే. మా వాడు సీతాఫలాల అవ్వ ముఖాన్ని ఎందుకంత పెద్దగా గీశాడో కూడా అప్పుడే అర్థమైంది.

అయితే అర్థమైనంత మాత్రాన డబ్బు రాదు కదా! తెల్లవారి నా గాజులు తీసి చూసుకున్నాను. కలకత్తాలో సత్యజిత్ రాయ్ గారి కథ మీరు విన్నారా? ఆయనా బొమ్మల మనిషే. ప్రకటనల కంపెనీలో చిత్రకారుడు. 'పథేర్ పాంచాలి' తీయడానికి ఎవరూ డబ్బు పెట్టకపోతే భార్య బిజయ గారి నగలు తాకట్టు పెట్టారు. 1952లో మొదలైన షూటింగు డబ్బు లేక ఆగుతూ సాగుతూ, చివరికి బెంగాల్ ప్రభుత్వం చేయూతతో 1955లో విడుదలైంది. కెమెరా పట్టిన సుబ్రత మిత్రాకు మొదలుపెట్టేనాటికి చిన్న వయసే. అంతకుముందు సినిమా కెమెరా పట్టి ఎరగడు, మామూలు ఫోటోలు తీసేవాడు. మరుసటి ఏడాది ఫ్రాన్సులోని కాన్ ఉత్సవంలో ఆ సినిమాకు బహుమతి వచ్చింది.

ఈ కథ విని గాజులు తాకట్టు పెట్టేయబోయాను. కానీ మళ్ళీ ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. రాయ్ గారు ఉద్యోగం మానలేదు! సెలవు రోజుల్లో, ఆదివారాల్లో షూటింగు చేసుకుంటూ వచ్చారు. బాపు గారు చివరిదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నారు. నర్సింగరావు గారు కుంచె, కెమెరా రెండూ వదల్లేదు. అంటే ఎవరూ పాత పనిని తన్ని కొత్త పనిలోకి దూకలేదు. పాత పని కొత్త పనికి తిండి పెట్టింది. నగలు పెట్టిన భార్య కథ అందరూ చెబుతారు. నెల జీతం మానని భర్త కథ ఎవరూ చెప్పరు. ఇల్లు నడిపే మనకు రెండోది ముఖ్యం.

"ఎప్పుడూ మగవాళ్ళేనా?" అని మీరు అడుగుతారని తెలుసు. మా బిడ్డా అదే అడిగింది. ఉన్నారు! ఫ్రాన్సులో ఆనెస్ వార్దా అనే ఆమె నాటకాల కంపెనీకి ఫోటోలు తీసేది. 1954లో జాలరుల పేటకు వెళ్ళి మొదటి సినిమా తీసింది. పనిచేసినవాళ్ళందరినీ వాటాదారులుగా పెట్టుకుందట, మన సంఘాల లెక్కన! ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, 2017లో, ఆమెకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఇరాన్‌లో పుట్టిన మర్జానే సత్రపి తన చిన్ననాటి సంగతులు, వాళ్ళ అమ్మమ్మ ముచ్చట్లు కలిపి 'పెర్సెపోలిస్' అని బొమ్మల కథ గీసింది. 2007లో అదే బొమ్మలతో ఇంకొకాయనతో కలిసి సినిమా తీస్తే కాన్‌లో బహుమతి వచ్చింది. బొమ్మల కథ నుంచి సినిమాకు నేరుగా దారి వేసుకున్న మనిషి.

ఇది విన్నాక నాకో మాట గుర్తొచ్చింది. ఇంటర్‌లో ఉన్నప్పుడు నా రికార్డు పుస్తకాల్లో బొమ్మలు చూసి మా లెక్చరర్ మేడం, "హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీ ఉంది, వెళ్తావా?" అని అడిగారు. ఇంట్లో చెప్పాను. ఆ ఎండాకాలమే పెళ్ళయింది. ఎవరి మీదా నాకు కోపం లేదు. మంచి సంసారం దొరికింది. కానీ మా వాడి చేతి గీత ఎక్కడిదని ఎవరన్నా అడిగితే, ఆ మాట మాత్రం చెప్పాలనిపిస్తుంది.

సరే, ఇక లెక్కకొద్దాం. అయిదో రోజు కొడుకును పిలిచి "కాయితం దే" అన్నాను. లక్షా ఇరవై వేల పట్టీ చూశాను. పన్నెండు మందికి ఆరు రోజులు హోటలు భోజనం ముప్పై వేలు. జనగామలో గదులు పద్నాలుగు వేలు. లైట్లకు ఇరవై అయిదు వేలు. మిగిలిన యాభై ఒక్క వేలు మాటలు రికార్డు చేసేవాళ్ళకు, ఎడిటింగుకు, బండ్లకు.

"హోటలెందుకురా, నేను లేనా?" అన్నాను. ఇంట్లో వండితే తొమ్మిది వేలు చాలు. పడకకు మా మేడ మీది గది, పక్కనే వాడి దోస్తు ఇల్లు. గదుల ఖర్చు పోయింది. పొద్దుటి ఎండ, సాయంత్రం ఎండలోనే తీస్తే లైట్లు పదివేలతో సరిపోతాయని వాడే ఒప్పుకున్నాడు. మొత్తం డెబ్బై వేలకు దిగింది! స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూడా కొంత తీద్దామనుకున్నాడు. దానికి రైల్వే వాళ్ళ అనుమతి కావాలి. అందుకని అంతా రోడ్డు పక్క చింతచెట్టు కిందే పెట్టుకున్నాడు. అసలు అవ్వ కూర్చునేదీ అక్కడే కదా!

ఇక ఎప్పుడు తీయాలి? ఇది మా ఆయన తేల్చారు. అవును, ఆయనే! కొట్లో లెక్క రాసుకుంటూ, తల ఎత్తకుండా, "శ్రావణంల లగ్గాలు మస్తున్నయి. అవి చేసుకొని ముప్పై వేలు జమ చెయ్యమను. భాద్రపదం శూన్యమాసం, పెండ్లిండ్లుండయి. బతుకమ్మ ముంగట సీతాఫలాలు గూడ వస్తయి. అప్పుడు తీసుకొమ్మను" అన్నారు. నాకు చెప్పినట్టే చెప్పారు గానీ, వాడికి వినబడేంత గట్టిగా చెప్పారు.

మిగిలిన నలభై వేలు నా చిట్టి డబ్బు. బిడ్డ చదువు డబ్బు ముట్టలేదు, గాజులూ ముట్టలేదు. ఇచ్చేది దానం కాదు, అప్పు. నోటుబుక్కులో రాసి సంతకం పెట్టించుకున్నాను. నవ్వకండి. ఇంట్లో ప్రేమ ప్రేమే, పద్దు పద్దే! సినిమా బాగా రాకపోవచ్చు. ఎవరూ చూడకపోవచ్చు. అప్పుడు వాడు మళ్ళీ పెళ్ళిళ్ళకు పోయి ఆ నలభై వేలు తీరుస్తాడు. చేతిలో పని ఉంది కాబట్టే నేను ఇవ్వగలిగాను. పని లేనివాడు అడిగి ఉంటే ఏం చేసేదాన్నో, నిజం చెప్పాలంటే, ఇవ్వకపోయేదాన్ని.

నిన్న రాత్రి అన్నం దగ్గర మా ఆయన నన్నడిగారు: "ఎంతమందికి వండుతున్నవ్ ఆ ఆరు రోజులు?"

"పన్నెండు మందికి" అన్నాను.

"పదమూడు అనుకో. కొట్టు మూసి ఒకరోజు నేను గూడ వస్త. గంప ఎట్ల ఎత్తుకోవాల్నో ఆ పోరగాండ్లకు ఏం తెలుసు?" అన్నారు.

మా వాడు తల వంచుకుని పప్పన్నం కలుపుకుంటున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు.

షూటింగువాళ్ళకు పొద్దున పెట్టబోయేది సర్వపిండి. పదిమంది పైన ఉన్న ఇళ్ళకు పనికొస్తుందని కొలత ఇస్తున్నాను. బియ్యప్పిండి ఒక కిలో, గంట నానబెట్టిన సెనగపప్పు ఒక కప్పు, వేయించి పలుకులు చేసిన పల్లీలు ఒక కప్పు, నువ్వులు అర కప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడలు రెండు కట్టలు, కరివేపాకు, పచ్చిమిరప అల్లం ముద్ద, ఉప్పు. వేడినీళ్ళతో చపాతీ పిండికన్నా కొంచెం మెత్తగా కలపండి. లోతు గిన్నెకు నూనె రాసి, పిండిని అడుగునా అంచులకూ పలుచగా తట్టి, వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చండి. గిన్నెలు రెండు పెట్టుకోండి. ఒకటి చల్లారేలోగా రెండోది కాలుతుంది. వేడి గిన్నెలో పిండి తట్టకండి, చేయి కాలుతుంది, పిండీ అంటదు.

సినిమా ఎలా వచ్చిందో బతుకమ్మ వెళ్ళాక రాస్తాను. బాగా రాకపోతే అదీ రాస్తాను!